మీసం చెప్పిన రుచులు

ఆడపిల్లల హాస్టల్,
రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.
ఆదివారం.

అత్తా,

జ్వరం తగ్గింది. పదకొండు రోజులు మంచం దిగలేదు కాబట్టి కాళ్లు ఇంకా నా మాట వినడం లేదు గాని, మిగతా అంతా బాగానే ఉంది. ఇంతవరకూ నాన్నకి ఫోన్‌లో చెప్పాను. ఇప్పుడు నీకు చెప్పబోయేది ఆయనకి చెప్పలేదు. ఇంట్లో ఫోన్ ఎప్పుడు మోగినా ఎత్తేది నాన్నే. ఎత్తగానే స్పీకర్ నొక్కి, ఊరంతా వినేలా "ఆఁ, చెప్పు తల్లీ" అంటాడు. ఇది ఊరంతా వినే మాట కాదు. అందుకే క్యాంటీన్ అడ్రసుకి ఉత్తరం రాసి, మన డిపో బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను.

లేచి కూర్చున్న మొదటి రోజు హాస్టల్ వంటామె కాఫీ తెచ్చిచ్చింది. ఒక గుక్క తాగాను. వేడి నీళ్లు. ఇంకో గుక్క తాగాను. అవే వేడి నీళ్లు. "అక్కా, ఇందులో పొడి వెయ్యడం మర్చిపోయావేమో" అన్నాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పన్నెండేళ్లుగా కలుపుతున్నాను. ఒక్కళ్లు వంక పెట్టలేదు. కాఫీ కంపెనీలో ఉద్యోగం కదా అని నాకే పాఠాలు చెబుతున్నావా?"

అని ఊరుకోలేదు. అదే కెటిల్‌లోంచి వరసలో ఉన్న ఎనిమిది మంచాలకీ తలో కప్పూ పోసింది. ఎనిమిది మందీ తాగి "రోజూలాగే ఉంది" అని తీర్పు చెప్పారు. నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె వెళ్లాక సబ్బు వాసన చూశాను. బూటు పాలిష్ డబ్బా మూత తీసి చూశాను. పక్క మంచం అమ్మాయి సాక్సు కూడా చూశాను అత్తా, నీ దగ్గర దాపరికమెందుకు. ఎందులోనూ ఏమీ లేదు.

ఆసుపత్రి డాక్టరుని అడిగితే, "జ్వరం తర్వాత ఇలా అవుతుంటుంది. కొందరికి నెలలో తిరిగొస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది" అన్నారు. "ఇంకొందరికో?" అన్నాను. ఆయన తర్వాతి రోగిని పిలిచారు.

నా ఉద్యోగమేమిటో నీకు ఎన్నిసార్లు చెప్పినా "కూర్చోబెట్టి కాఫీ తాగిస్తారటమ్మా" అని నవ్వుతావు. నవ్వకుండా విను. నేను కాఫీ రుచి చూసే పనిలో శిక్షణలో ఉన్నాను. తోటల నుంచి వచ్చే ప్రతి లోడూ కొనాలో వద్దో నాలుకతో తేల్చి చెప్పడమే మా పని. ఇంకో అయిదు వారాల్లో పరీక్ష. పాసైతే పక్కా ఉద్యోగం, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి. మన ఇంట్లో బడి గుమ్మం తొక్కిన మొదటి మనిషిని నేను. "మా అమ్మాయి నాలుకకి ఉద్యోగమొచ్చింది" అని నాన్న డిపోలో ఎంతమందికి చెప్పాడో నీకు తెలుసు. ఇప్పుడు ఆ నాలుక కప్పు అంచుకీ కాఫీకీ తేడా చెప్పలేకపోతోంది.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. రేపటి నుంచి పనిలోకి వెళ్లాలి. ఏం చెయ్యనో తోచడం లేదు. నాన్నకి తెలియనివ్వకు.

నీ మేనకోడలు

తాజా కలం: ఈ ఉత్తరం నీకు మైకు మామయ్యే చదివిపెడతారని తెలుసు. దయచేసి చాలా మెల్లగా చదవమని చెప్పు.


బస్సు డిపో క్యాంటీన్,
పొయ్యి ఎదురుగా ఉన్న బల్ల.
బుధవారం, పదకొండు గంటల బస్సు వెళ్లాక.

కోడలా,

నేను చెబుతున్నాను, మైకు రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. (రాస్తున్నాను. ఇట్లు, రాసేవాడు.)

మెల్లగా చదవమన్న ముక్క ఉత్తరం చివర రాస్తే ఎట్లా పిల్లా? అంత చదువు చదివావు, అది మొదట్లో రాయాలని తోచలేదా? మైకు సంగతి నీకు తెలియనిదా? ముప్పై ఏళ్లుగా ఏ బస్సు ఎక్కడికి పోతుందో అరిచి చెప్పిన గొంతు. ఆయన "అత్తా, జ్వరం తగ్గింది" అనేసరికే క్యాంటీన్‌లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. సాక్సు దగ్గరికొచ్చేసరికి బయట బెంచీల మీదవాళ్లు కిటికీల దగ్గరికి చేరారు. తాజా కలం చదివి మైకు గతుక్కుమన్నాడు. అప్పటికి పద్నాలుగు మంది డ్రైవర్లు, ఆరుగురు కండక్టర్లు, పాలు పోసే అతనూ నీ ముక్కు గురించి బాధపడుతున్నారు.

మీ నాన్న మాత్రం షెడ్డులో బస్సు కింద ఉన్నాడు. ఇంజను స్టార్ట్ చేసి ఉంది. బతికిపోయాం.

అందరి చేతా ఒట్టు వేయించాను. ఒట్టు వెయ్యడం తేలికే, వేసినవాళ్ల మొహాలే కష్టం. అన్నయ్య లోపలికి రావడం ఆలస్యం, అందరూ నోళ్లు మూసుకుని పైకి చూస్తున్నారు. నిన్న "ఏంట్రా అందరూ పైకి చూస్తున్నారు?" అని అడిగాడు. "ఫ్యాను బాగా తిరుగుతోందన్నా" అన్నాడొకడు. ఫ్యాను పాడై పది రోజులైంది.

నీకు మందులు పంపుతున్నారు. నారింజకాయ నిప్పుల మీద మాడ్చి తినమన్నాడు పొడుగు డ్రైవర్. పచ్చి ఉల్లిపాయ కొరకమన్నాడు ఇంకొకడు. ముసలి కండక్టర్ రోజుకోసారి బాగా ఏడవమన్నాడు, దాంతో ముక్కు దారి కడిగినట్టవుతుందట. షెడ్డువాళ్లు ఒక సీసాలో బ్రేకు ఆయిల్ ఇచ్చారు. వాసన చూడ్డానికి మాత్రమే, తాగొద్దు.

నన్నడిగితే, ముందు నువ్వు తిను. రుచి లేదని మానెయ్యకు. రుచి పోయింది గాని పొట్ట ఎక్కడికీ పోలేదుగా.

(రాసేవాడి సొంత మాట: అమ్మాయ్, ఆఫీసులో చెప్పెయ్యడం మంచిదని నా అభిప్రాయం.)

ఆయనేదో గీకుతున్నాడు, ఏంటని అడిగితే చుక్క పెట్టానంటున్నాడు. అంత పొడుగు చుక్క నేనెక్కడా చూడలేదు. ఆయన మాట పట్టించుకోకు.

మీ అత్త


హాస్టల్,
అదే మంచం.
శనివారం.

అత్తా,

ముందు నీ మందుల సంగతి. నారింజకాయ మాడ్చాను, వంటామె ఇప్పుడు నాతో అస్సలు మాట్లాడటం లేదు. బ్రేకు ఆయిల్ సీసా అలమారలో ఒలికిపోయింది. గదిలో మిగతా ఎనిమిది మందీ ముక్కులు మూసుకుని వరండాలోకి పరిగెత్తారు. నేను మంచం మీద కూర్చుని హాయిగా పుస్తకం చదువుకుంటున్నాను. పక్క మంచం అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "ఇంత కంపులో ఎలా కూర్చున్నావే, మనిషివేనా?" అంది. అప్పటికప్పుడు నేనూ ముక్కు మూసుకుని పరిగెత్తాను.

ఆఫీసు సంగతి చెబుతాను, మైకు మామయ్య కోప్పడకూడదు. నాకొక ఉపాయం దొరికింది.

మా రుచి గదిలో పొడవాటి బల్ల ఉంటుంది. దాని మీద వరసగా తెల్ల కప్పులు. చెంచాతో కాఫీ తీసుకుని గట్టిగా జుర్రాలి, నోరంతా తిప్పాలి, డబ్బాలో ఉమ్మాలి, కాగితం మీద రాయాలి. ఎంత చప్పుడు చేస్తూ జుర్రితే అంత మంచిది. నాన్న జుర్రుతుంటే నువ్వు తిట్టిపోసేదానివి కదా, ఇక్కడ దానికి శిక్షణ ఇస్తారు. బల్లకి ఒక పక్క నేను, ఎదురుగా పెద్దాయన. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి. మాట తక్కువ. కాని ఆయన మీసం మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు.

ఆ మీసం రెండు కొసలూ దేని దారి దానివే. జ్వరం తగ్గి తిరిగి పనిలోకి వెళ్లిన మొదటి రోజు భయంతో తలెత్తి చూస్తే, ఆయన కాఫీ జుర్రగానే ఎడమ కొస ఇంత లేచింది. ఆ కాఫీకి ఆయన మంచి మార్కులు వేశారు. అప్పటి నుంచి చూస్తున్నాను. ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమ కొస లేస్తే పండిన పళ్ల పులుపు, మంచి సరుకు. రెండు కొసలూ దిగితే గింజ మాడింది. ముక్కు ముడుచుకుంటే బూజు. కళ్లు మూసి మెల్లగా తెరిస్తే మొదటి రకం, ఇంక మాట్లాడక్కర్లేదు. బట్టీ పట్టడంలో నాకెవరు సాటి? పది రోజుల్లో మీసమంతా నోటికొచ్చేసింది. ఎదుట నిలబడి నేనూ జుర్రుతాను, ఉమ్ముతాను, ఆయన మొహం వైపు ఒక్క చూపు చూసి రాసేస్తాను.

నిన్న మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి ఆయన ఏమన్నారో తెలుసా? "నీ నాలుకా నా నాలుకా ఒకే అచ్చులో పోసినట్టున్నాయే!" ఇన్నాళ్లలో ఆయన నాతో అన్న పెద్ద వాక్యం అదే. సంతోషమేసింది. సంతోషమేసినందుకు సిగ్గేసింది. అయినా ఆ వాక్యం నీకు రాయకుండా ఉండలేకపోయాను.

ముక్కు తిరిగి వచ్చేదాకానే ఇదంతా. వచ్చేస్తుంది కదా అత్తా?

నీ మేనకోడలు


బస్సు డిపో క్యాంటీన్,
అదే బల్ల, ఒక కాలు విరిగింది.
మంగళవారం.

కోడలా,

ఉత్తరం పంపడం ఆలస్యమైంది. మీ నాన్న గొడవతో సరిపోయింది.

తన వెనక ఏదో జరుగుతోందని అన్నయ్యకి అనుమానం. తన చోట్లో కొత్త మెకానిక్కుని పెడుతున్నారని అనుకుంటున్నాడని షెడ్డులో చెప్పుకుంటున్నారు. వారం నుంచి అందరికంటే ముందే షెడ్డుకొచ్చి పానాలన్నీ తుడిచి వరసగా పెడుతున్నాడు. మొన్న తల కూడా దువ్వుకున్నాడు. పెళ్లికి కూడా దువ్వుకోని మనిషి. ఇక్కడివాళ్లేమో పాపం అని, ఆయన రాగానే లేచి కుర్చీ ఇస్తున్నారు. దాంతో ఆయన అనుమానం ఇంకా ముదిరింది.

నీ మీసం సంగతి విని నాకు నవ్వాగలేదు. మైకు మాత్రం మొహం ముడుచుకున్నాడు. నువ్వు సిగ్గుపడక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట నీకొకటి చెబుతాను. నేను కాఫీ తాగను. చిన్నప్పుడొకసారి తాగితే కడుపులో తిప్పింది, మళ్లీ ముట్టలేదు. రోజుకి నాలుగు వందల కప్పులు కలుపుతాను, ఒక్క చుక్క నోట్లో వేసుకోను. మొదటి కప్పు మొదటి బస్సు డ్రైవర్‌కి ఇచ్చి ఎదురుగా నిలబడతాను. మొహం బాగుంటే కాఫీ బాగున్నట్టే. నీది చదివి నేర్చుకున్న విద్య, నాది చదవకుండా వచ్చింది. తేడా అంతే. ధైర్యంగా ఉండు.

(రాసేవాడి మాట: పై ముక్కలు రాశాక నేను కలం కింద పెట్టి కాసేపు బయట తిరిగి వచ్చాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ కాఫీ తాగుతున్నవాణ్ని. అమ్మాయ్, మొహాన్ని నమ్ముకుని పని చెయ్యడం నాకు నచ్చలేదు.)

ఈసారి పొడుగు చుక్క నాలుగు వరసలుంది. చదవడం రాకపోయినా వరసలు లెక్కపెట్టడం వచ్చు నాకు.

మీ అత్త


హాస్టల్ భోజనాల గది,
చివరి బల్ల.
శుక్రవారం సాయంత్రం.

మైకు మామయ్యా, ఇది చాలా మెల్లగా చదవండి. ఈసారి మొదట్లోనే రాస్తున్నాను. క్యాంటీన్‌లో వద్దు, మీ గదిలో, తలుపు వేసుకుని, అత్తకి ఒక్కదానికే.

అత్తా,

పెద్ద తప్పు చేశాను.

మా ఇద్దరి కాగితాలూ ఒకేలా ఉంటున్నాయని పెద్దాయన ఈ వారం నుంచి తన కాగితం రాయడం మానేశారు. రుచి చూస్తున్నారు, కాని "నువ్వు రాసిందే చాలు" అని నా కాగితాల కట్ట మీద చదవకుండానే సంతకం పెట్టేస్తున్నారు.

ఇవాళ పదిహేడో కప్పు దగ్గర ఆయన కళ్లు గట్టిగా బిగించారు, ముక్కు ముడిచారు, మీసం రెండు కొసలూ గడ్డం దాకా దిగాయి. అంత ఘోరమైన మొహం నా నోటుపుస్తకంలోనే లేదు. "బూజు వాసన, లోడు మొత్తం తిప్పి పంపాలి" అని రాశాను. ఆయన సంతకం పెట్టారు. మధ్యాహ్నం భోజనం ముందు ఆయన కుర్చీలో కూలబడి బల్ల కింద బూట్లు విప్పేసి "అమ్మయ్యా" అన్నారు. కొత్త బూట్లు. అల్లుడు కొనిచ్చాడట, ఒక సైజు చిన్నవట. వేసుకోకపోతే అల్లుడు నొచ్చుకుంటాడని వేసుకొచ్చారట. భోజనం అయ్యాక మళ్లీ తొడుక్కుని లేచి నిలబడ్డారు. అదే మొహం, అచ్చంగా అదే. గదిలో ఎక్కడా కాఫీ లేదు.

పరిగెత్తుకుంటూ గోదాముకి వెళ్లాను. అప్పటికే నలభై బస్తాల మీద సుద్దతో అడ్డగీతలు గీసి, తిప్పి పంపే షెడ్డులోకి నెట్టేశారు. ఆ బస్తాల తాలూకు రైతు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. గుమస్తా నన్ను చూపించి "ఈవిడే రాసింది" అంటే, అతను దగ్గరికొచ్చి, "ఏం లోపమో చెప్పమ్మా, వచ్చే ఏడు దిద్దుకుంటాను" అన్నాడు.

నిజం చెప్పాల్సింది. నోరు మాత్రం పుస్తకంలో చదివింది చెప్పింది. "ఆరబోసిన కళ్లంలో తడి ఉండి ఉంటుంది" అన్నాను.

అతను తలూపాడు. "చదువుకున్నవాళ్లు చెబితే ఉంటుందిలే. అయితే కళ్లం తవ్వించి మళ్లీ వేయిస్తాను" అని చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. బస్తాలు తీసుకెళ్లే లారీ గురువారం వస్తుంది. అంతవరకూ ఇక్కడే చెల్లెలి ఇంట్లో ఉంటాడట.

నేను నిజం చెబితే ఆ బస్తాలు మళ్లీ రుచి చూస్తారు. నా ఉద్యోగం మాత్రం పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పరీక్ష ఇంక పది రోజులే. నాన్న మొహం గుర్తొస్తోంది. అతని చేతి మీది రాత కూడా గుర్తొస్తోంది. నువ్వు ఏదో ఒకటి చెప్పు, గురువారం లోపు.

నీ మేనకోడలు


బస్సు డిపో,
మైకు గది.
ఆదివారం, బస్సులన్నీ ఆలస్యం.

కోడలా,

నువ్వు చెప్పినట్టే చేశాం. మైకు గదిలోకి వచ్చాం, తలుపేశాం, గడియ పెట్టాం. మైకు తన జన్మలో ఎప్పుడూ చదవనంత మెల్లగా, చెవిలో చెప్పినట్టు చదివాడు.

మైకు ఆపడం మర్చిపోయాడు.

(క్షమించు అమ్మాయ్. ఇట్లు, రాసేవాడు.)

అంత మెల్లటి గొంతు ఆ మైకులో ఎప్పుడూ వినలేదని ప్రయాణికులందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి విన్నారట. మూడు బస్సులు కదల్లేదు. "పాపం ఆ రైతు" అని టికెట్ల కిటికీ దగ్గర ఎవరో ఆవిడ కళ్లు తుడుచుకుందట. తలుపు తీసేసరికి ఎదురుగా మీ నాన్న, చేతిలో పానా. వెనకాల షెడ్డు షెడ్డంతా.

నేను "అన్నయ్యా, దానికి ముక్కు..." అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి ఉత్తరం నాటి నుంచి. బస్సు కింద పడుకున్నానే గాని చెవిటివాణ్ని కాదుగా. ఇంజను చప్పుడు నాకు లెక్కా? దాని మీదుగా మైకు గొంతు శుభ్రంగా వినపడింది."

"మరి ఇన్నాళ్లూ ఏమీ తెలియనట్టు తిరిగావేం? తల కూడా దువ్వుకున్నావు!"

"అదే చెబుతుందని చూశాను. పైగా కుర్చీలిస్తున్నారు, బాగానే ఉందనిపించింది" అన్నాడు. ఒట్టేసినవాళ్లంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

ఇక నా సంగతి. మొహం చూస్తే చాలని నీకు ధైర్యం చెప్పింది నేనే. అప్పుడొకటి దాచాను. ఆరేళ్ల కిందట ఒక పొద్దున చక్కెర డబ్బా అనుకుని బట్టల సోడా కలిపేశాను. మొదటి డ్రైవర్ తాగాడు, నేను ఎదురుగా నిలబడి చూశాను. మొహం బాగుంది. రెండోవాడి మొహమూ బాగుంది. పదకొండు మంది తాగారు, పదకొండు మొహాలూ బాగున్నాయి. ఆ రోజు దారిలో ఎన్ని బస్సులు ఎన్నిచోట్ల ఆగాయో నువ్వు అడగకు. సాయంత్రం "తాగినప్పుడే చెప్పొచ్చుగా సన్నాసుల్లారా!" అంటే, "నువ్వట్లా ఎదురుగా నిలబడి చూస్తుంటే ఎట్లా చెప్పమంటావక్కా?" అన్నారు. అదీ మొహాల సంగతి. కొందరు ప్రేమ కొద్దీ బాగుందంటారు, కొందరు భయం కొద్దీ. మీ పెద్దాయనవి బూట్లు. మొహం వెనకాల ఏముందో మొహం చెప్పదు పిల్లా. ఈ ముక్క నేను ముందే చెప్పి ఉంటే ఆ నలభై బస్తాలు తిరుగు ముఖం పట్టేవి కావు. అందులో సగం తప్పు నాది.

మీ నాన్న చెప్పింది రాయిస్తున్నాను. ఇది ఆయన మాటే, మైకు ఒక్క చుక్క కూడా కలపలేదు:

"బ్రేకు పట్టని బండిని పట్టిందని సంతకం పెట్టి ఇంతవరకూ రోడ్డు మీదికి పంపలేదు. మిగతాది దానికే తెలుసు."

"మరి ఉద్యోగం పోతే?" అని అడిగాను. "నాకు ఆకలేస్తోంది" అని క్యాంటీన్‌లోకి వెళ్లిపోయాడు. కుర్చీ ఎవరూ ఇవ్వలేదు.

మీ అత్త


కంపెనీ, గింజలు వేయించే గది,
రెండో యంత్రం పక్క స్టూలు.
గురువారం.

నాన్నా,

నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరమిది. మైకు మామయ్య ఎంత గట్టిగా చదివినా ఫరవాలేదు.

అత్త రాయించింది పోయిన వారం మంగళవారం నాకందింది. బుధవారం పొద్దున రుచి గదిలో ఎవరూ రాకముందే వెళ్లి పెద్దాయనకి అంతా చెప్పేశాను. జ్వరం సంగతి, మీసం సంగతి, బూట్ల సంగతి. ఆయన చెయ్యి చాపి, "ఏదీ ఆ పుస్తకం?" అన్నారు. ఇచ్చాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. చదువుతుంటే మీసం కుడి కొస వణికింది. అది కోపమో ఏమిటో నాకు తెలియలేదు, ఆ వణుకు గురించి నేనేమీ రాసుకోలేదు.

"కుడి కొస ఒక్కదాని గురించి ఏమీ రాయలేదేం?" అన్నారు.

"అది ఒక్కటీ విడిగా కాఫీకి లేవదండీ. మేనేజర్ గారు వచ్చినప్పుడు మాత్రం లేస్తుంది."

పుస్తకం మూసేశారు. ఆ తర్వాత తిట్టారు నాన్నా. ఇరవై ఎనిమిదేళ్లుగా పొదుపు చేసిన మాటలన్నీ ఒక్కసారే వాడేశారు. నన్ను తిట్టి, చదవకుండా సంతకాలు పెట్టినందుకు తనని తాను తిట్టుకుని, చివరికి అల్లుణ్ని కూడా తిట్టారు. బూట్లు విప్పి పక్కన పడేసి, ఆ వారం శాంపిల్ పొట్లాలన్నీ బయటికి తీయించారు. మూడు రోజుల పాటు వట్టి కాళ్లతో నిలబడి అన్నీ మళ్లీ రుచి చూశారు. నేను కప్పులు కడిగి అందించాను, ఆయన మొహం వైపు చూడకుండా. ముందు తీయించింది పదిహేడో నంబరే. మొదటి రకమట. అప్పటికప్పుడే అడ్డగీతలు తుడిపించి, "ఆ రైతుకి నువ్వే వెళ్లి చెప్పు" అన్నారు.

అతను చెల్లెలి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాను. నాకు రుచే తెలియదని, కళ్లంలో తడి అన్నది నేను కల్పించి చెప్పిన మాటని.

"అంటే నా కళ్లం మంచిదేనా?" అన్నాడు.

"మంచిదేనండీ."

"అయ్యో! తవ్వమని తమ్ముడికి కబురు పెట్టేశాను కదమ్మా!" అని చెప్పులు కూడా వేసుకోకుండా ఫోన్ కోసం పరిగెత్తాడు. వెనక నేనూ పరిగెత్తాను. సగం తవ్వేశారట. "ఆపరా, ఆపు! పార కింద పెట్టు!" అని అతను ఫోన్‌లో అరుస్తుంటే నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగాడు. ఈసారి కోపమొచ్చింది అతనికి. "ఇంత చదివించారు, తెలియకపోతే తెలియదనడం మీ బళ్లో చెప్పలేదా?" అన్నాడు.

బళ్లో అందరికంటే ముందు చెయ్యెత్తేది నేనే. తెలియదని ఎప్పుడూ అనలేదు, తెలియకపోయినా.

మొన్న సోమవారం పరీక్ష జరిగింది. నేను రాయనని పెద్దాయనతో అన్నాను. "జాబితాలో పేరుంది. కొట్టెయ్యడానికి నాకు అధికారం లేదు. వచ్చి కూర్చో" అన్నారు. ఆరుగురం కూర్చున్నాం. ప్రతివాళ్ల ముందూ పది వరసలు, వరసకి మూడేసి కప్పులు. మూడింట్లో ఏది తేడాగా ఉందో, ఆ తేడా ఏమిటో రాయాలి. నేను ముప్పై కప్పులూ వరసగా, పద్ధతిగా జుర్రాను. ముప్పై సార్లూ వేడి నీళ్లే. పది వరసలకీ ఒకటే రాశాను: "తేడా తెలియలేదు." పక్కవాళ్ల కలాలు పరిగెడుతున్నాయి. నా కలం పది నిమిషాల్లో ఆగిపోయింది. తల పైకెత్తకుండా బల్ల చెక్క చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ ఫలితాలు చదివారు. ఇద్దరు పాసయ్యారు. నేను ఫెయిలయ్యాను. ఇంటికి పంపలేదు గాని రుచి గది నుంచి తీసేసి ఇక్కడ వేశారు. గింజలు వేగేటప్పుడు చిటపటమంటాయి, ఆ చప్పుడు విని సరిగ్గా ఎప్పుడు దించాలో చెప్పాలి. చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి ఆరు నెలలు చూస్తారట. ఈలోగా ముక్కు తిరిగొస్తే మళ్లీ పరీక్ష రాయనిస్తారు. రాకపోతే ఏమిటన్నది వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాని నాన్నా, నాకు సున్నా రాలేదు. ఏడో వరసలో మూడు కప్పులూ ఒకే పాత్రలోంచి పోసినవట. పెద్దాయన ఏటా ఒక వరస అలా పెడతారట, ఎవరికీ చెప్పకుండా. మిగతా అయిదుగురూ అందులో తేడా పట్టుకున్నారు. ఒకతనికి రెండో కప్పులో లేత పండు పులుపు తగిలిందట. ఇంకో అమ్మాయికి మూడోదాంట్లో కాల్చిన చెక్క వాసన వచ్చిందట. ఆ వరసకి మార్కు వచ్చింది నాకొక్కదానికే. పెద్దాయన ఆ కాగితం అందరికీ చదివి వినిపించారు.

ఒకటో తరగతి నుంచి నా ప్రతి మార్కుల కాగితం నీ చేతిలో పెట్టాను. చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకునేవాడివి. ఇదీ పంపుతున్నాను. ఎర్ర సిరాతో ఉన్నదే మార్కు. పదికి ఒకటి. ఇంత తక్కువ నాకెప్పుడూ రాలేదు, సిగ్గుగానే ఉంది. అయినా జేబులో పెట్టుకో నాన్నా. అది నేను ఎవరి మొహమూ చూసి రాయలేదు.

నీ కూతురు